సెయింట్ మేరీస్ నిర్మాత బిషప్ మర్ఫీ

సికింద్రాబాద్: సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చిని ఎరుగని నగరవాసి అరుదు. దానిని కట్టించిన డేనియల్ మర్ఫీని ఎరిగినవారూ అరుదే.

ఆయన 1815లో ఐర్లాండులోని కార్క్ ప్రాంతంలో జన్మించారు. గురుపట్టం పొంది మద్రాసు మిషన్‌కు వచ్చి, 1846లో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. 1847లో ఆరంభించిన చర్చి 1850లో పూర్తయింది. నాడు ఆరాధనకు వచ్చేవారిలో అధికులు కంటోన్మెంటులోని ఐరిష్ సిపాయిలు. కొలువు ఇంగ్లండు రాణిది, విశ్వాసం రోముది. ఆ రెంటినీ పొసగించడం చిన్న పని కాదు.

బ్రిటిష్ ఇండియాలో మిషన్ బడులకు సైతం గ్రాంటు ఇచ్చే విధానం 1854లో వచ్చింది. మర్ఫీ 1866లో బిషప్‌గా చేరిన టాస్మేనియాలో గాలి ఎదురు వీచింది. అక్కడి పార్లమెంటు 1868లో పిల్లల చదువును నిర్బంధం చేసింది. ఆ రోజుల్లోనే చర్చిలకు ఖజానా నుంచి వచ్చే సాయాన్నీ రద్దు చేసింది. మతబోధ లేని చదువు కథోలికులకు సమ్మతం కాదు. సర్కారు బడికి పన్ను, సొంత బడికి ఫీజు. రెండు భారాలూ తల్లిదండ్రులవే. మర్ఫీ సోదరి ఫ్రాన్సిస్ జేవియర్ నాయకత్వాన వచ్చిన కన్యస్త్రీలే హోబార్టులో పాఠశాల నడిపారు. ఆస్ట్రేలియాలో కథోలిక బడులకు ప్రభుత్వ నిధులు మళ్లీ దక్కడం 1960లలోగాని మొదలుకాలేదు.

హోబార్టు కథీడ్రల్ రాళ్లు వదులై, కూల్చి తిరిగి కట్టవలసి వచ్చింది. సికింద్రాబాద్ కట్టడం గట్టిదే. 1888లో ఆర్చిబిషప్ అయిన మర్ఫీ 1907 డిసెంబరు 29న 92వ ఏట కన్నుమూశారు. సెయింట్ మేరీస్‌కు 2008లో బసిలికా హోదా లభించింది.