నిలకడకు కారణం చెప్పిన గురువు: అగ్రిప్పీనా వాగనోవా

విద్య తెలియడం ఒక ఎత్తు. తెలిసినదానిని ఎదుటివారికి తెలియజెప్పడం మరియొక ఎత్తు. ఈ రెండవదానిలో సాటిలేనివారనిపించుకొన్న గురువులలో రష్యా దేశపు బ్యాలే నర్తకి అగ్రిప్పీనా వాగనోవా ఒకరు. ఆమె జీవితాన్ని మన విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడం ఉచితమని భావిస్తున్నాము.

వాగనోవా 1879లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. తండ్రి మారిన్‌స్కీ నాటకశాలలో ప్రేక్షకులకు ఆసనాలు చూపే చిరుద్యోగి. ఆమె 1888లో ఇంపీరియల్ నాట్యపాఠశాలలో చేరి, 1897లో విద్య ముగించి, అదే మారిన్‌స్కీలో బృందనర్తకిగా ప్రవేశించారు. ఏకాకి నృత్యభాగాలలో ఆమె నైపుణ్యాన్ని అందరూ మెచ్చుకొన్నారు. అయినను బాలెరీనా అనే ఉన్నత హోదా 1915లో గాని లభించలేదు. మరుసటి సంవత్సరమే ఆమె రంగస్థలాన్ని వీడారు. 1917 విప్లవానంతరం కుటుంబ పోషణభారం మీదపడగా బోధనను వృత్తిగా స్వీకరించి, 1921 నుండి తాను చదివిన పాఠశాలలోనే గురువుగా పనిచేశారు.

ఆమె ప్రత్యేకత ఏమి? ప్రతి కదలికకు కారణం వెదకడమే. బ్యాలేకు పునాది కాళ్లను వెలుపలికి త్రిప్పి నిలవడం. దీనిని టర్నౌట్ అంటారు. చూచేవారికి ఇది పాదాల పనిగా తోస్తుంది. నిజానికి ఇది తుంటికీలు పని. కాలిని మామూలుగా ప్రక్కకు ఎత్తినప్పుడు తొడయెముక పైభాగమందలి ఉబ్బు కటియెముక అంచుకు తగిలి అడ్డుపడుతుంది. తొడను తుంటి నుండి వెలుపలికి త్రిప్పితే ఆ ఉబ్బు వెనుకకు తొలగి, కాలు స్వేచ్ఛగా పైకి లేస్తుంది. తుంటి తిరుగకుండ పాదాలను మాత్రమే బలవంతంగా త్రిప్పితే మోకాళ్లకు, చీలమండలకు హాని కలుగుతుంది.

నిలకడ విషయమూ ఇట్టిదే. ఒంటికాలి మునివేళ్లపై నిలిచిన నర్తకిని చూచి మనము పాదబలాన్ని మెచ్చుకొంటాము. వాగనోవా దృష్టిలో నిలకడకు ఆధారం వెన్నెముక. నడుము ప్రాంతపు కండరాల పట్టును శిష్యురాలు తనలో తాను గుర్తించిననాడు నిలకడ వశమవుతుంది. అందుకే ఆమె చేతి ఆసరాకు గోడవెంట అమర్చిన కమ్మీ దగ్గర నెమ్మదిగా అభ్యాసం ప్రారంభింపజేసి, బలం కూడిన తరువాతనే గది నడుమకు, అక్కడి నుండి గెంతులకు తీసుకొనిపోయేవారు. మెట్టు దాటించడమనేది ఆమె పద్ధతిలో లేదు.

ఈ బోధనాక్రమాన్ని 1934లో గ్రంథరూపంలో వెలువరించారు. మరీనా సెమ్యోనోవా, గలీనా ఉలానోవా, నటాలియా దుదిన్‌స్కయా వంటి మహానర్తకీమణులు ఆమె శిష్యురాండ్రు. ఆమె 1951లో లెనిన్‌గ్రాడ్‌లో మరణించారు. 1957లో ఆ పాఠశాలకు ఆమె పేరు పెట్టారు.

తరగతిలో వెనుకబడిన విద్యార్థిని చూచి, తెలివి లేదని తేల్చివేయడం సులభం. తప్పు పాదంలో కనిపించినా, దాని మూలం తుంటిలోనో వెన్నులోనో ఉండవచ్చునని వాగనోవా జీవితం తెలుపుతున్నది. ఆ మూలాన్ని చూపడం గురువు ధర్మం. చూపినదానిని ఓపికతో సాధించడం శిష్యుని ధర్మం. ఉభయులు తమ ధర్మాన్ని నెరవేర్చినచోట విద్య నిలకడగా నిలుస్తుందని మా విశ్వాసం.