బండి విప్పిన చేయే బడి కట్టింది
(జి.డి. నాయుడు జీవితం)



వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం మనకు ఆనవాయితీ. అంబేద్కర్‌ను, ఫూలే దంపతులను తలుచుకోని సంచిక మనకు లేదు. ఈసారి మేము ఎంచుకున్న వ్యక్తి నాయకుడూ కాదు, కవీ కాదు. ఆయన ఒక మెకానిక్. చిన్న తరగతుల్లోనే బడి మానేశారు. హోటల్లో సర్వర్‌గా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటార్ సైకిల్ కొన్నారు. ఆ మోటార్ సైకిల్ దగ్గర మొదలుపెట్టి బస్సుల కంపెనీ దాకా, కరెంటు మోటార్ల ఫ్యాక్టరీ దాకా, చివరికి ఇంజనీరింగ్ కళాశాల దాకా నడిచారు. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటే తమిళనాడులో తెలియని వారుండరు. ఆయన ఇంట్లో మాట్లాడింది మాత్రం మన తెలుగే.

ఈ జీవితాన్నే ఎందుకు ఎంచుకున్నామో కూడా చెప్పాలి. జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా పదో తరగతి ఫలితాలు వచ్చిన తర్వాత జూన్ నెలలో కొన్ని ట్రంకు పెట్టెలు హాస్టల్‌కు తిరిగి రావు. వాడేమయ్యాడని అడిగితే, షెడ్డులో పనికి కుదిరాడని జవాబు వస్తుంది. ఆ మాట చెప్పేవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు. షెడ్డులో పని అంటే చదువు రానివాడి గతి అని మనలోనే ఒక తప్పుడు అభిప్రాయం ఉంది. ఇంకోవైపు, చదువు లేకపోయినా గొప్పవాళ్లు కాలేదా అని బడి మానడానికి సాకులు వెతికేవాళ్లూ ఉన్నారు. ఈ ఇద్దరికీ నాయుడు గారి జీవితం సమాధానం చెబుతుంది.

కళంగల్ నుంచి కోయంబత్తూరుకు

కోయంబత్తూరు దగ్గర కళంగల్ అనే పల్లెలో 1893 మార్చి 23న దొరస్వామి పుట్టాడు. కొన్ని వందల ఏళ్ల కిందట తమిళ దేశానికి వలస వెళ్లిన తెలుగు రైతు కుటుంబాలలో వాళ్లదొకటి. పిల్లవాడికి బడి అంటే సరిపడలేదు. పంతులు కళ్లలో ఇసుక చల్లి పారిపోయాడని కూడా చెబుతారు. మూడో తరగతితోనే చదువు ఆగిపోయింది. పొలం పని చూసుకుంటూ, దొరికిన పుస్తకమల్లా తనంతట తానే చదువుకుంటూ పెరిగాడు.

ఒకరోజు ఆ పల్లె దారిలో ఒక ఇంగ్లీషు అధికారి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కేవాడు లేడు, బండి మాత్రం పరుగెడుతోంది. అప్పటికి ఈ యంత్రం లోకానికే కొత్త. పెట్రోలుతో నడిచే మొదటి రెండు చక్రాల బండిని జర్మనీలో డైమ్లర్ 1885లో తయారు చేశాడు. 1886లో అదే దేశంలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత సైకిళ్లు చేసే కంపెనీలే ఒక్కొక్కటిగా మోటార్ సైకిళ్లలోకి దిగాయి. దొరస్వామి చూసిన బండి రడ్జ్. ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో సైకిళ్లు చేసిన రడ్జ్ విట్‌వర్త్ కంపెనీ 1911లో మోటార్ సైకిళ్లు మొదలుపెట్టింది. ఆ కాలపు బండ్లకు చాలావాటికి ఒకటే సిలిండరు. ఇంజను శక్తిని వెనుక చక్రానికి అందించడానికి ఇప్పటిలాగా చైను కాదు, బెల్టు ఉండేది. వానకు బెల్టు తడిస్తే జారిపోయేది. అయినా ఆ రోజుల్లో అది అద్భుతమే.

అటువంటి బండి తనకు కావాలనుకున్నాడు దొరస్వామి. కావాలంటే కొనాలి, కొనాలంటే డబ్బు సంపాదించాలి. పల్లె వదిలి కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వర్‌గా కుదిరాడు. టిఫిన్లు అందించాడు, బల్లలు తుడిచాడు, పైసా పైసా దాచాడు. కొన్నేళ్లకు బండి కొన్నాడు. కొన్న తర్వాత దాని మీద ఊరేగలేదు. మొత్తం విప్పేశాడు. ఏ ముక్క ఎందుకుందో చూసుకుంటూ మళ్లీ బిగించాడు. పాఠం చెప్పేవాడు లేడు, బొమ్మల పుస్తకం లేదు. యంత్రమే పుస్తకం, రెంచీయే కలం. ఆయన మెకానిక్ అయింది అలాగే.

ఒక్క బస్సుతో మొదలు

తర్వాత ఆయన పత్తి వ్యాపారంలోకి దిగారు. మొదట లాభాలు వచ్చాయి గాని బొంబాయి మార్కెట్టులో చేతులు కాల్చుకున్నారు. పత్తిని నమ్ముకుని నష్టపోవడమంటే ఏమిటో మన వైపు ఇళ్లలో ఎవరికీ వివరించనక్కర లేదు. మళ్లీ మొదటికి వచ్చిన నాయుడు గారికి కోయంబత్తూరులోని ఆంగ్ల వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ చేయూతనిచ్చారు. ఆ సాయంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపారు. యజమాని ఆయనే, డ్రైవరూ ఆయనే. చెడిపోతే బండి కింద దూరే మెకానిక్ కూడా ఆయనే.

ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే సంస్థగా ఎదిగింది. చెప్పిన వేళకు బయలుదేరడంలో, బండ్లను చక్కగా ఉంచడంలో ఆ బస్సులు దేశంలోనే పేరు తెచ్చుకున్నాయి. చేత్తో యంత్రాన్ని ఎరిగిన మనిషి యజమాని అయితే ఇట్లా ఉంటుంది. బోల్టు వదులైతే ఆయనకు శబ్దంలోనే తెలుస్తుంది.

అదే కాలంలో మన ప్రాంతం మోటారు బండ్ల కథ వేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఒక రోల్స్ రాయిస్ కారుకు ఆర్డరు ఇచ్చి, అది చేరకముందే 1911లో కన్నుమూశారు. వెనుక సింహాసనం లాంటి సీటు ఉన్న ఆ కారును ఉత్సవాలకే బయటికి తీసేవారు. అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఆ కారును ప్రదర్శనకు పెట్టారు. సామాన్యుడు ఎక్కే బండి మాత్రం 1932లో వచ్చింది. ఆ ఏడు నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది కార్మికులతో మొదలైంది. మనం పండుగకు ఇంటికి వెళ్లే ఆర్టీసీ బస్సుకు తాత ఆ శాఖే. సింహాసనం కారు అద్దాల వెనుక ఉండిపోయింది, బస్సు ఊరూరా తిరిగింది. నాయుడు గారు ఎంచుకున్నది కూడా పది మందీ ఎక్కే బండినే.

బస్సుల నుంచి మోటార్లకు

నాయుడు గారు బస్సులతో ఆగలేదు. కోయంబత్తూరులోని పీలమేడులో ఫ్యాక్టరీ స్థాపించారు. 1937లో అక్కడ కరెంటు మోటారు తయారైంది. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. ఆ పనిలో డి. బాలసుందరం నాయుడు గారి శ్రమ చాలా ఉంది. బాయి మీద మోటారు పెట్టి నీళ్లు తోడే ప్రతి రైతూ గుర్తు పెట్టుకోవలసిన పని అది. కోయంబత్తూరు తర్వాత మోటార్లకు, పంపు సెట్లకు దేశమంతటా పేరు పొందింది.

బ్యాటరీతో నడిచే చిన్న మోటారు పెట్టి రసంత్ అనే గడ్డం గీసుకునే యంత్రం తయారు చేశారు. కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, మోసం చేయడానికి వీలులేని ఓట్ల యంత్రం కూడా ఆయన జాబితాలో ఉన్నాయి. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించారు. పొలంలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. నోబెల్ బహుమతి పొందిన సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త ఆ తోటకు వచ్చి చూశారు.

1952లో నాయుడు గారు ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండు వేల రూపాయలు. కాని ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఏ వస్తువు చేయాలన్నా, ఎన్ని చేయాలన్నా ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. ఆయన కారుకు లైసెన్సు రాలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. సామాన్యుడి కోసమని లక్ష రూపాయల కారు మన దేశంలో ప్రదర్శనకు వచ్చింది 2008లో. మధ్యలో 56 ఏళ్లు గడిచాయి. ప్రతిభ ఉంటే చాలు, అన్నీ అవే వస్తాయని పెద్దలు చెబుతుంటారు. ప్రతిభకు దారి ఇచ్చేవాళ్లు కూడా ఉండాలని ఈ కారు చెబుతోంది.

బడి మానినవాడు బడి కట్టాడు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అంత సంపాదించాక నాయుడు గారు చదువు దండగ అనుకోలేదు. 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభం కావడానికి ఆయనే కారకులు. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. మూడో తరగతితో బడి మానిన మనిషి ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా కూర్చున్నారు! నాలుగేళ్ల కోర్సులో కాలయాపన ఎక్కువ, యంత్రం మీద చేయి పెట్టి నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు, వాదన వదులుకోలేదు. ఆ కళాశాలే ఈనాటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అది మొదట ఉన్న చోటును ఊరి జనం ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు.

1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. 2015లో కోయంబత్తూరులో ఆయన కుటుంబం వారి సంస్థ పాత కార్ల మ్యూజియం తెరిచింది. బెంజ్ మొదటి బండి నమూనా, రోల్స్ రాయిస్, వోక్స్‌వ్యాగన్ బీటిల్ వంటివి అక్కడ చూడవచ్చు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవర్‌కు తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది.

మనం తీసుకోవలసింది

నాయుడు గారిని చూసి బడి మానడం మాత్రం తీసుకోకూడదు. ఆయన బడి మానినప్పుడు వెనుక పొలం ఉంది, తప్పిపోతే తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉంది. బస్సు కొనేటప్పుడు నమ్మి చేయూతనిచ్చిన మనిషి ఉన్నాడు. మనలో చాలామందికి ఆ పొలమూ లేదు, ఆ పరిచయమూ లేదు. మనకు సర్టిఫికెట్టే పట్టా, చదువే చెలక. దాన్ని బీడు పెట్టుకోవద్దు.

అలాగని షెడ్డులో పనిని చిన్నచూపు చూడవద్దు. మన ఊళ్లలో రాజ్‌దూత్, లూనా, చేతక్, టీవీఎస్ 50 వంటి బండ్లను ఏళ్ల తరబడి నడిపించింది ఎవరు? విడిభాగం దొరకకపోతే లేతు మీద చేయించి, ఉన్నదాన్నే అరగదీసి బండి కదిలించిన మన మెకానిక్‌లే. భూపాలపల్లి గనుల్లో యంత్రాలు ఆగకుండా నడవాలన్నా, ఆర్టీసీ డిపోలో తెల్లవారుజామున మొదటి బస్సు కదలాలన్నా ఆ చేతులే కావాలి. వాళ్ల దగ్గర ఉన్నది కూడా విద్యే. దానికి సర్టిఫికెట్టు లేదు, అంతే.

కాబట్టి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇదే. యంత్రాల మీద ఇష్టం ఉంటే దాచుకోవద్దు. పది తర్వాత ఐటీఐ ఉంది. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా పూర్తి చేసి ఈసెట్ రాస్తే ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోనే చేరవచ్చు. చెల్లెళ్లు ఇది మగవాళ్ల పని అనుకోవద్దు, నట్టుకు ఆ తేడా తెలియదు. ఇప్పుడు బ్యాటరీ బండ్లు వస్తున్నాయి. వాటిలో కార్బొరేటరు ఉండదు, స్పార్కు ప్లగ్గు ఉండదు. మోటారు, బ్యాటరీ, వాటిని నడిపించే సర్క్యూటు ఉంటాయి. పాత చేతివాటం ఒక్కటే సరిపోయే రోజులు పోతున్నాయి. చేతికి చదువు తోడు కావాలి, చదువుకు చేయి తోడు కావాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీలో షెడ్డులు పెట్టుకున్నవారున్నారు, డిపోల్లో, గనుల్లో, ఫ్యాక్టరీల్లో ఉన్నవారున్నారు. స్టేన్స్ దొర ఒక్కడు నమ్మితే ఒక నాయుడు గారు నిలబడ్డారు. మన హాస్టల్ నుంచి పది పరీక్షలు రాసి వచ్చిన పిల్లవాడు వేసవి సెలవుల్లో మీ దగ్గర పని నేర్చుకుంటానంటే నేర్పండి. ఇంజను విప్పి చూపించండి, బిగించేటప్పుడు వాడి చేత్తోనే బిగించనివ్వండి.

జూన్ రాగానే మాత్రం ట్రంకు పెట్టెతో సహా చదువుకు పంపించండి.