రాజు కన్న చట్టం మిన్న

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదువా అని మన పెద్దల సామెత. పాలకుని ఇష్టమే శాసనంగా సాగిన కాలానికి అది అద్దం పడుతుంది. పాలకుడెంతటివాడైనా చట్టానికి లోబడి ఉండాలనే భావన మానవజాతికి సులభంగా లభించలేదు. దానికోసం పదవిని పోగొట్టుకొని, ముదిమిలో చెరసాల పాలైన న్యాయవేత్త సర్ ఎడ్వర్డ్ కోక్. ఆయన ఇంటిపేరును ఆంగ్లేయులు కుక్ అని పలుకుతారు.

కోక్ జీవితాన్ని గ్రహించాలంటే ముందుగా ఒక పాత పత్రాన్ని గురించి తెలుసుకోవాలి. 1215 జూన్ నెలలో ఇంగ్లాండు రాజు జాన్, థేమ్స్ నదీతీరాన ఉన్న రన్నిమీడ్ మైదానంలో, తనపై తిరుగుబాటు చేసిన ప్రభువులకు రాజముద్ర వేసి ఒక పత్రాన్ని ఇచ్చాడు. లాటిన్ భాషలోని ఆ పత్రమే మాగ్నా కార్టా. స్వతంత్రుడైన ఏ మనిషినీ సాటివారి తీర్పు లేకుండా, దేశ చట్టాన్ని అనుసరించకుండా చెరలో ఉంచరాదని, న్యాయాన్ని అమ్మరాదని, ఆలస్యం చేయరాదని రాజు అందులో అంగీకరించాడు. కొద్ది నెలలకే పోప్ దానిని రద్దు చేశాడు. అయినా జాన్ మరణానంతరం అది మార్పులతో మళ్లీ వెలువడి, 1225లో స్థిరరూపం పొందింది. ఆనాడు అది ప్రధానంగా ప్రభువుల హక్కుల పత్రమే. పొలాలలో వెట్టిచాకిరి చేసే బానిస రైతులకు అందులో దక్కిన రక్షణ స్వల్పం. 1354లో మూడవ ఎడ్వర్డ్ కాలపు చట్టం ఆ రక్షణను ఏ స్థితిలోని మనిషికైనా వర్తింపజేసింది. పదహారవ శతాబ్దం నాటికి మాత్రం దానిని తలచేవారు తగ్గిపోయారు.

అట్టి కాలంలో, 1552 ఫిబ్రవరి 1న, నార్‌ఫోక్ ప్రాంతంలోని మైల్‌హామ్ గ్రామంలో కోక్ జన్మించాడు. తండ్రి రాబర్ట్ న్యాయవాది. కోక్ తొమ్మిదేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయాడు. నారిచ్ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివి, లండన్‌లోని ఇన్నర్ టెంపుల్‌లో న్యాయశాస్త్రం అభ్యసించాడు. 1578లో న్యాయవాదిగా వృత్తిలో ప్రవేశించి అచిరకాలంలోనే కీర్తి గడించాడు. 1593లో కామన్స్ సభకు స్పీకరుగా, 1594లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వానికి అటార్నీ జనరల్‌గా నియమితుడయ్యాడు.

ఆ పదవిలో ఆయన రాజ్యాధికారానికి వాడియైన ఖడ్గం వంటివాడు. 1603లో సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహ నేరం మోపినప్పుడు, నిండు న్యాయస్థానంలో ఆయనను కోక్ పరుషంగా దూషించాడు. సాక్షిని తన ఎదుట నిలబెట్టమని రాలీ వేడుకున్నా న్యాయస్థానం వినలేదు. నేడు మనం న్యాయమని భావించే పద్ధతిని ఆనాడు కాలరాసినవారిలో కోక్ కూడ ఒకడు. ఈ మచ్చను ఆయన చరిత్ర నుండి తుడిచివేయలేము.

1606లో ప్రధాన న్యాయమూర్తి పీఠం అధిష్ఠించిన పిదప ఆయన దృష్టి మారింది. అప్పటి రాజు మొదటి జేమ్స్. రాజు దైవాంశసంభూతుడనీ, చట్టం రాజు నుండే పుడుతుందనీ ఆయన విశ్వాసం. తానే స్వయంగా వ్యాజ్యాలు విచారించి తీర్పు చెప్పగలనని ఆయన భావించగా, కోక్ అంగీకరించలేదు. రాజుకు సహజమైన బుద్ధి ఉండవచ్చుగాని, చట్టజ్ఞానం దీర్ఘకాల అధ్యయనంతో, అనుభవంతోనే అబ్బుతుందని వివరించాడు. రాజు మనుషులకు లోబడకపోయినా, దైవానికీ చట్టానికీ లోబడినవాడేనని చెప్పాడు. తాను ధైర్యంగా మాట్లాడినట్లు కోక్ వ్రాసుకున్నాడు. రాజు ఆగ్రహించగా ఆయన నేలకు వంగి క్షమాపణ కోరినట్లు ఆనాటి లేఖ ఒకటి తెలుపుతున్నది. భయపడినా ఆయన తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. 1610లో, రాజు కేవలం ప్రకటన ద్వారా కొత్త నేరాలను సృష్టించజాలడని తేల్చిచెప్పాడు.

1616లో ఒక వ్యాజ్యం విచారణను తన అనుమతి వచ్చేవరకు ఆపవలసిందిగా రాజు ఆదేశించాడు. న్యాయమూర్తులు పన్నెండుగురినీ పిలిపించి, ఇకముందు అట్టి ఆజ్ఞను పాటిస్తారా అని అడిగాడు. పదకొండుగురు తలవంచారు. కోక్ ఒక్కడే, ఆ సమయం వచ్చినప్పుడు న్యాయమూర్తికి తగిన పనే చేస్తానని బదులు చెప్పాడు. ఆ సంవత్సరమే ఆయన పదవి పోయింది.

పోయిన ప్రాపకాన్ని తిరిగి సంపాదించుకొనే ఆశతో 1617లో ఆయన చేసిన పని మరొకటి ఉంది. రాజుకు ఇష్టుడైన బకింగ్‌హామ్ ప్రభువు సోదరునికి తన కుమార్తె ఫ్రాన్సెస్‌నిచ్చి, తల్లీబిడ్డలు వలదన్నా, బలవంతంగా పెళ్లి చేశాడు. ప్రజల స్వేచ్ఛ కోసం వాదించినవాడు ఇంటి ఆడపిల్ల స్వేచ్ఛను గుర్తించలేకపోయాడు.

1621లో పార్లమెంటు సభ్యుడుగా కోక్ మళ్లీ రంగంలోకి దిగాడు. దేశవ్యవహారాలను చర్చించే హక్కు సభకు జన్మతః వచ్చినదని చాటే తీర్మానంలో ఆయన పాత్ర ప్రముఖం. జేమ్స్ ఆ తీర్మానమున్న పుటను సభాగ్రంథం నుండి చించివేశాడు. దాదాపు డెబ్బై ఏళ్ల కోక్‌ను లండన్ టవర్‌లో కొన్ని నెలలు నిర్బంధించాడు.

తరువాత రాజైన మొదటి చార్లెస్, పార్లమెంటు సమ్మతి లేకుండ బలవంతపు అప్పులు వసూలు చేశాడు. ఇవ్వనివారిని కారణం చూపకుండ చెరలో పెట్టించాడు. 1627లో అట్టి ఐదుగురు ప్రముఖులు న్యాయస్థానాన్ని ఆశ్రయించినా విడుదల లభించలేదు. రాజాజ్ఞయే చాలిన కారణమైతే ఇక ఎవరికి రక్షణ? ఈ ప్రశ్నకు సమాధానంగా 1628లో వెలువడినది హక్కుల విజ్ఞాపన పత్రం. దాని రూపకల్పనలో 76 ఏళ్ల కోక్ అగ్రగణ్యుడు. పార్లమెంటు అంగీకారం లేకుండ పన్ను విధించరాదు, కారణం చూపకుండ నిర్బంధించరాదు, ప్రజల ఇళ్లలో సైనికులను బలవంతంగా నిలుపరాదు, శాంతికాలంలో సైనిక శాసనం అమలు చేయరాదు అనేవి అందలి ప్రధానాంశాలు. చార్లెస్ అయిష్టంగానే అంగీకరించాడు. కాని మరుసటి ఏడు పార్లమెంటును రద్దుచేసి, పదకొండేళ్లు అది లేకుండానే పాలించాడు.

కోక్ 1634 సెప్టెంబరు 3న మరణించాడు. మరణశయ్యపై ఉండగానే ఆయన వ్రాతప్రతులను రాజోద్యోగులు స్వాధీనం చేసుకున్నారు. మాగ్నా కార్టాపై ఆయన వ్రాసిన వ్యాఖ్యానం 1642లో గాని ముద్రణకు నోచుకోలేదు. ప్రభువుల పాత ఒడంబడికను ప్రజలందరి హక్కుల పత్రంగా ఆయన వ్యాఖ్యానించాడు. పాత పత్రంలో లేని అర్థాన్ని ఆయన చదివాడని చరిత్రకారులు విమర్శిస్తారు. అది నిజమే. అయినా ఆ కొత్త అర్థమే లోకాన నిలిచింది.

1679 నాటి హెబియస్ కార్పస్ చట్టం, 1689 నాటి హక్కుల చట్టం ఆ బాటలోనే వెలిశాయి. ఆయన గ్రంథాలు చదివిన అమెరికా న్యాయవాదులు తమ రాజ్యాంగంలో 1791లో, చట్టబద్ధ ప్రక్రియ లేకుండ ప్రాణస్వేచ్ఛలను హరించరాదన్న నియమం చేర్చారు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలోని 21వ అధికరణం, చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించరాదంటుంది. ఆ పద్ధతి న్యాయసమ్మతంగా ఉండాలని 1978లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం లేనిదే పన్ను లేదని 265వ అధికరణం చెబుతుంది.

నేడు అమరావతిలోనో హైదరాబాదులోనో ఒక నిరుపేద తల్లి, తన బిడ్డను అన్యాయంగా నిర్బంధించారని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయవచ్చు. బిడ్డను ఎందుకు బంధించారో ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలి. రాజాజ్ఞ అన్న ఒక్క మాట ఇక చాలదు. కోక్ దోషరహితుడు కాడు. కాని ఇబ్బంది కలిగిన ఘడియలో పదకొండుగురితో కలిసి తలవంచక, న్యాయమూర్తికి తగిన పని చేయడమే ఆయన మనకు మిగిల్చిన ఆదర్శం.