గాలి నుంచి ఎరువు తీసిన ఫ్రిట్జ్ హాబర్

సంగారెడ్డి రైతు పొలంలో చల్లే యూరియాకి మూలం అమ్మోనియా. గాలిలోని నైట్రోజన్‌తో దాన్ని చేసి చూపినవారు ఫ్రిట్జ్ హాబర్. 1868లో జర్మన్ యూదు కుటుంబంలో పుట్టారు.

నైట్రోజన్ అణువు ఓ పట్టాన విడిపోదు. 1909లో హాబర్ ఎక్కువ వేడి, ఒత్తిడి పెట్టి, ఆస్మియం ఉత్ప్రేరకంతో దాన్ని విడగొట్టారు. తర్వాత మిట్టాష్ వేల మిశ్రమాలు పరీక్షించి చౌకైన ఇనుమును ఎంచారు. కోట్ల మందికి తిండి దొరికింది.

అదే హాబర్ 1915లో బెల్జియం యుద్ధరంగంలో క్లోరిన్ విషవాయువు వదిలించారు. అయినా 1918 సంవత్సరపు నోబెల్ ఆయనకే దక్కింది. ఆ జర్మనీలోనే నాజీలొచ్చాక 1933లో దేశం వదలాల్సి వచ్చింది. 1934లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు అంత వేడి లేకుండా, కరెంటుతోనే అమ్మోనియా చేసే ఉత్ప్రేరకం కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో శనగ వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా మాత్రం మామూలు వేడిలోనే ఆ పని చేసేస్తోంది.