రక్తానికి గ్రూపులున్నాయని చెప్పిన లాండ్‌స్టైనర్

మోకీలు మార్పిడికో, విరిగిన తుంటి ఎముకకో ఆస్పత్రిలో చేరగానే మనల్ని అడిగే మొదటి ప్రశ్నల్లో బ్లడ్ గ్రూపు ఒకటి. ఆ మాట మన నోళ్లలో ఎంతగా నలిగిందంటే, అదొక మనిషి కనిపెట్టిన విషయమన్న సంగతే మరచిపోయాం. ఆయనే డాక్టర్ కార్ల్ లాండ్‌స్టైనర్.

ఆయన 1868 జూన్ 14న ఆస్ట్రియాలో జన్మించారు. తండ్రి పేరున్న పాత్రికేయుడు. కొడుకు ఆరేళ్లవాడై ఉండగానే కన్నుమూశారు. తల్లి ఫానీ పెంచి పెద్దచేసింది. 1891లో వియన్నాలో వైద్య పట్టా పుచ్చుకున్నా, రోగుల నాడి చూడటం కంటే రసాయన శాస్త్రం మీదే ఆయనకు మక్కువ. జర్మనీ, స్విట్జర్లాండ్ వెళ్లి మరీ నేర్చుకున్నారు. తరువాత వియన్నాలో పదేళ్లపాటు శవపరీక్షల విభాగంలో పనిచేశారు. చేసిన శవపరీక్షలే 3,600 పైచిలుకు!

ఆ రోజుల్లో ఒకరి రక్తం మరొకరికి ఎక్కించడమంటే జూదమే. ఒకడు లేచి కూర్చునేవాడు, ఇంకొకడు ప్రాణం విడిచేవాడు. కారణం తెలియదు. లాండ్‌స్టైనర్ తనతో సహా 22 మంది ఆరోగ్యవంతుల నెత్తురు తీసుకుని, ఒకరి రక్తకణాలను మరొకరి సీరంతో కలిపి చూశారు. కొన్ని జోడీల్లో కణాలు గడ్డకట్టినట్టు ముద్దలయ్యాయి, కొన్నిటిలో కాలేదు. ఇది జబ్బు లక్షణం కాదు, మనిషికీ మనిషికీ పుట్టుకతో ఉన్న తేడా అని 1901లో ప్రకటించారు. ఎ, బి, సి అని మూడు గ్రూపులు చెప్పారు. ఆ సి యే తరువాత ఓ అయింది. ఎబి గ్రూపును మరుసటి ఏడు ఆయన సహచరులు కనుగొన్నారు. ఇంత గొప్ప సంగతిని మొదట పట్టించుకున్నవారు తక్కువ. రక్తం ఎక్కించేముందు సరిపోతుందో లేదో పరీక్షించడం న్యూయార్క్‌లో 1907లో మొదలైంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వియన్నాలో బతుకు గడవడం కష్టమైంది. హాలెండ్ వెళ్లి ఒక చిన్న ఆస్పత్రిలో మూత్ర, రక్త పరీక్షలు చేసే మామూలు ఉద్యోగంలో చేరారు. తరువాత న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థ పిలిచింది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనబోటి వాళ్లకు ముచ్చట గొలిపేది తరువాతి కథ. 1939లో, 71వ ఏట, పదవీ విరమణ చేశారు. అయినా ప్రయోగశాల వదల్లేదు. మరుసటి సంవత్సరమే వీనర్‌తో కలిసి ఆర్‌హెచ్ అంశాన్ని లోకానికి వెల్లడించారు. మన కార్డు మీద గ్రూపు పక్కన ఉండే పాజిటివ్, నెగటివ్ అదే.

గ్రూపు కలిసినంత మాత్రాన రక్తం ఎక్కించుకోవడం ముచ్చటపడే పనేమీ కాదు. ఎముక కోసినచోట నెత్తురు రక్తనాళాన్ని ముడివేసినట్టు ఆపడానికి వీలుకాదు. మజ్జలోంచి ఊరుతూనే ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక కూడా కంటికి కనబడకుండా లోపల పేరుకుంటుంది. ముందే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నవారికి, వయసు పైబడినవారికి, సన్నగా ఉండే స్త్రీలకు, రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకునేవారికి, పాత కీలు తీసి మళ్లీ వేయించుకునేవారికి రక్తం అవసరమయ్యే అవకాశం ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యం మొదటిదే, పైగా మనం సరిచేసుకోగలిగినదీ అదే. ఆపరేషన్ తేదీ నెల ముందే తెలిసినప్పుడు రక్తహీనత సంగతి అప్పుడే చూపించుకోవాలి. చివరి రోజున దాతల కోసం పిల్లల్ని పరుగులు పెట్టించడమెందుకు? గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు ఆ మాట ముందుగా డాక్టరుతో చెప్పాలి; సొంతంగా మానేయకూడదు, అది మరీ ప్రమాదం. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇప్పుడు చాలాచోట్ల ఇస్తున్నారు. తుంటి విరిగిన రెండువేల మందికి పైగా వృద్ధులపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, హిమోగ్లోబిన్ 8కి తగ్గేదాకా ఆగినవారికీ, 10 దగ్గరే ఎక్కించినవారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి డాక్టరుగారు ఇంకా ఎక్కించలేదేమని ఇంట్లోవాళ్లు కంగారు పడనక్కర్లేదు.

లాండ్‌స్టైనర్‌కు 1943 జూన్ 24న ప్రయోగశాలలో పని చేసుకుంటూ ఉండగానే గుండెపోటు వచ్చింది. రెండు రోజులకు, తాను పనిచేసిన సంస్థ ఆస్పత్రిలోనే కన్నుమూశారు. 75 ఏళ్లు నిండి రెండు వారాలు కూడా కాలేదు. 2004 నుంచి ఆయన పుట్టినరోజైన జూన్ 14ను ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుతున్నారు.