మట్టిలో దాచిన కైఫీయత్తు: ఇమ్మానుయేల్ రింగెల్‌బ్లూమ్ చరిత్రము

తెలుగునాట కొన్ని గ్రామముల పూర్వచరిత్ర నేటికి నిలిచియున్న దనిన, మెకంజీ దొర కాలమున కరణముల నడిగి వ్రాయించిన కైఫీయత్తులే అందులకు కారణము. గుడి యెవరు కట్టించిరి, చెరువెవరు త్రవ్వించిరి, ఊరెప్పుడు పాడుపడెను అను సంగతు లందున్నవి. వానిని వ్రాసినవారికి ప్రాణభయము లేదు. ఊళ్లకు ఊళ్లే హతమగుచుండగా ఆ ఊళ్ల కైఫీయత్తులను వ్రాయించిన పండితు డొకడు పోలెండు దేశమున నుండెను. ఆయనయే ఇమ్మానుయేల్ రింగెల్‌బ్లూమ్.

ఆయన 1900 నవంబరు 21వ తేదీన గలీషియా ప్రాంతమందలి బుచాచ్ అను చిన్న పట్టణమున యూదుల యింట జన్మించెను. అప్పుడది ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలోనిది. ఇప్పుడు యుక్రెయినులో నున్నది. వార్సా విశ్వవిద్యాలయమున చదివి, ఆ నగరపు యూదుల ప్రాచీన చరిత్రను పరిశోధించి, 1927లో డాక్టరు పట్టము పొందెను. జీవనమునకు బడిపంతులు పని. రాజుల కథలకంటె చేతిపనివారును చిల్లరవర్తకులును ఎట్లు బ్రతికిరో తెలిసికొనుటయే ఆయనకు ప్రీతి.

1939 ఆగస్టులో ఆయన జెనీవాలో యూదుల మహాసభకు వెళ్లియుండెను. యుద్ధము గుమ్మమున నిలిచియుండెను. అటనుండి మరలి రాకున్నను తప్పుపట్టువారు లేరు. అయినను వార్సాకే తిరిగివచ్చెను.

1940 నవంబరులో జర్మనులు ఆ నగరపు యూదులను ఒక్క వాడలోనికి నెట్టి, చుట్టును గోడ పెట్టి, ద్వారములు మూసిరి. ఆ వాడకే ఘెట్టో యని పేరు. ఒక దశలో అందు నాలుగున్నర లక్షలమంది క్రిక్కిరిసియుండిరి. ఆకలి, టైఫస్ జ్వరము, వీథులలో శవములు. రింగెల్‌బ్లూమ్ పగలు సహాయసంఘపు పనులు చూచి, రాత్రులు వ్రాసికొనుచుండెను. ఒక్కని కన్ను చాలదని యెరిగి, ఆ నెలలోనే యొక రహస్యసంఘమును కూర్చెను. శనివారములందు కలిసికొనుచుండుటచే దానికి ఓయ్‌నెగ్ షబ్బెస్, అనగా విశ్రాంతిదినపు సంతోషము, అని పేరిడిరి. అందు పంతుళ్లు, రచయితలు, మతగురువులు, అర్థశాస్త్రజ్ఞులు కలిసి యేబది అరువదిమంది యుండిరి.

వారు కూర్చినది చూచిన ఆశ్చర్యము కలుగును. దినచర్యలు, బడిపిల్లల వ్యాసములు, రేషను చీట్లు, ట్రాము టిక్కెట్లు, నాటకముల ప్రకటనలు, తుదకు మిఠాయి చుట్టిన కాగితములును! పల్లెలనుండి తరుమబడి వచ్చినవారిని కూర్చుండబెట్టి, ప్రశ్నలు వేసి, వారి ఊరి కథ వ్రాసికొనిరి. ఊరినుండి ఒక్కడే తప్పించుకొని వచ్చినచో, ఆ ఊరి బడి, సంత, ప్రార్థనాలయము అన్నియు వాని నోటనే మిగిలియుండెను గదా. తమవారి తప్పులను గూడ దాచలేదు. యూదు పోలీసుల లంచగొండితనము, కలవారి నిర్దయ యథాతథముగ వ్రాసిరి. ఖర్చు దాచిన చిట్టా చిట్టాయే కాదు.

కూడు లేనివారికి కాగితములతో నేమి పని యని యెవరైన నడుగవచ్చును. రింగెల్‌బ్లూమ్ ఈ రెంటిని విడదీయలేదు. వ్రాసినవారికి కొంత సొమ్మిచ్చి వారి ప్రాణము నిలుప జూచెను. వార్సా విడిచిపోదలచిన రేచెల్ ఆవర్‌బాఖ్ అను రచయిత్రిని ఆపి అన్నశాల నొప్పగించెను. ఆమె అచట గంజి పోయించుచునే, ఆకలిచే చచ్చువారి కథ వ్రాసెను.

1942 ఆరంభమున ఖెల్మ్‌నో వధ్యస్థలమునుండి పారివచ్చిన యొకని వాఙ్మూలమును వ్రాసికొని, ఆ వార్తను పరదేశములకు చేరవేసిరి. జూనులో లండను రేడియో దానిని చాటెను. అయినను రైళ్లు ఆగలేదు. జూలై 22 మొదలు రెండు నెలలలో రెండున్నర లక్షలకు పైబడిన జనమును ట్రెబ్లింకాకు పంపి విషవాయువుతో చంపిరి. ఆ రోజులలోనే, ఆగస్టు 3న, లిఖ్టెన్‌స్టైన్ అను పంతులు ఇద్దరు కుఱ్ఱవాండ్ర సాయమున పది రేకుపెట్టెలను బడి నేలమాళిగలో పూడ్చెను. ఆ ముగ్గురును తమ మరణశాసనములను గూడ అందుంచిరి. 1943 ఫిబ్రవరిలో మరికొన్ని కాగితములను రెండు పాలక్యానులలో నిడి అచటనే పూడ్చిరి.

రింగెల్‌బ్లూమ్ భార్యాపుత్రులతో గోడ దాటి దాగియుండియు, ఏప్రిలులో మరల ఘెట్టోలోనికి పోయెను. తిరుగుబాటు చెలరేగెను, ఆయనను పట్టి త్రావ్నికీ శిబిరమున పడవేసిరి. ఒక పోలిష్ రైల్వే ఉద్యోగియు ఒక యూదు యువతియు ఆయనను తప్పించి తెచ్చిరి. పిమ్మట వోల్‌స్కి యను తోటవాని యింటి నేలక్రింది గోతిలో, ముప్పదిమందికి పైగా నున్న ఆ యిరుకున, పోలులకును యూదులకును గల సంబంధములపై గ్రంథము వ్రాసెను. 1944 మార్చి 7న ఆ గోయి బయటపడెను. కొలదిదినములకే ఆయనను, భార్య యెహూదిత్‌ను, బాలుడైన ఊరీని కాల్చిచంపిరి. వోల్‌స్కిని గూడ విడువలేదు.

సంఘమువారిలో మిగిలినది ముగ్గురు. వారిలో ఆవర్‌బాఖ్ ఒకతె. కార్యదర్శియగు హేర్ష్ వాసెర్ చెప్పిన గుర్తులనుబట్టి, 1946 సెప్టెంబరు 18న ఇటుకల దిబ్బ క్రిందనుండి రేకుపెట్టెలను తీసిరి. నీరు చొచ్చియున్నను, ఒక్కొక్క కాగితమును విడదీసి ఆరబెట్టిరి. పాలక్యానులు 1950 డిసెంబరులో కట్టడపు కూలీలకు దొరకెను. అన్నియు కలిసి ముప్పదియైదువేల పుటలు. వార్సాలోని యూదు చరిత్ర సంస్థయందు అవి భద్రముగ నున్నవి. 1999లో యునెస్కో వానిని ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను.

మూడవభాగ మొకటి వేరొక వీథిలో పూడ్చబడెను. అది నేటివరకు దొరకలేదు.