స్టీవ్ బికో

స్టీఫెన్ బంటు బికో (1946 డిసెంబరు 18 - 1977 సెప్టెంబరు 12) దక్షిణాఫ్రికాకు చెందిన విద్యార్థి నాయకుడు, వర్ణవివక్షా వ్యతిరేక ఉద్యమకారుడు. స్టీవ్ బికోగా ప్రసిద్ధుడు. నల్లజాతి విద్యార్థులు స్వయంగా నడుపుకొన్న దక్షిణాఫ్రికా విద్యార్థి సంస్థకు (సాసో) ఇతడు మొదటి అధ్యక్షుడు. నల్లజాతి చైతన్య ఉద్యమ నిర్మాతలలో అగ్రగణ్యుడు. ముప్పై ఏళ్ళ వయసులో పోలీసు నిర్బంధంలో మరణించాడు.

బాల్యము, చదువు

బికో తూర్పు కేప్ ప్రాంతంలోని టార్కస్టాడ్‌లో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, తల్లి ఇళ్ళలో పనిచేసి, తరువాత ఆసుపత్రిలో వంటమనిషిగా పనిచేసి పిల్లలను పెంచింది. 1963లో లవ్‌డేల్ పాఠశాలలో చేరిన కొద్దికాలానికే, అన్న అరెస్టు కావడంతో పోలీసులు బికోను కూడా ప్రశ్నించారు. పాఠశాల ఇతనిని బహిష్కరించింది. తరువాత మేరియన్‌హిల్‌లో చదువు పూర్తిచేసి, 1966లో డర్బన్‌లోని నేటాల్ విశ్వవిద్యాలయంలో శ్వేతేతరుల వైద్య విభాగంలో చేరాడు.

విద్యార్థి ప్రతినిధి మండలి

చేరిన ఏడాదే బికో తన విభాగపు విద్యార్థి ప్రతినిధి మండలికి ఎన్నికయ్యాడు. విద్యార్థుల ఓట్లతో ఏర్పడే ఈ మండలి వారి ఇబ్బందులను పాలకవర్గం ముందు ఉంచేది, జాతీయ సంఘానికి ప్రతినిధులను పంపేది. ఆ జాతీయ సంఘం (నుసాస్) 1924లో ఏర్పడింది. అది వర్ణవివక్షను వ్యతిరేకించేది. కాని సభ్యులలో అత్యధికులు శ్వేతజాతీయులు కావడం వలన ఓటింగులో నల్లవారి మాట నెగ్గేది కాదు. మరోవైపు 1959 చట్టం తరువాత నల్లవారికోసం ప్రభుత్వం స్థాపించిన కళాశాలలలో, విద్యార్థులు నుసాస్‌లో చేరకుండా పాలకవర్గాలు అడ్డుకొనేవి.

1967 జులైలో రోడ్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన నుసాస్ మహాసభలో, నల్లజాతి ప్రతినిధులను ప్రాంగణంలోని వసతిగృహాలలో ఉండనివ్వలేదు. సభను వాయిదా వేయాలని బికో కోరగా ఆ ప్రతిపాదన వీగిపోయింది. సానుభూతి చూపేవారు ఎందరున్నా, తమ తరఫున తాము మాట్లాడుకొనే వేదిక లేనిదే ప్రాతినిధ్యం నామమాత్రమేనని ఇతడు నిశ్చయించుకొన్నాడు.

సాసో స్థాపన

1968 డిసెంబరులో నల్లజాతి విద్యార్థి ప్రతినిధులు మేరియన్‌హిల్‌లో సమావేశమై కొత్త సంస్థకు పునాది వేశారు. 1969 జులైలో టర్ఫ్‌లూప్‌లో సాసో లాంఛనంగా ప్రారంభమైంది, బికో అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాది పదవిని బార్నీ పిట్యానాకు అప్పగించి, సంస్థ ప్రచురణల బాధ్యత చేపట్టి, ఫ్రాంక్ టాక్ అనే కలం పేరుతో వ్యాసాలు వ్రాశాడు.

వివక్షకు గురైన ఆఫ్రికన్లను, మిశ్రమజాతివారిని, భారతీయ సంతతివారిని సాసో నల్లవారిగానే పరిగణించింది. 1860 నుండి నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళిన భారతీయులలో తెలుగువారు కూడా ఉన్నారు. డర్బన్‌కు చెందిన స్ట్రిని మూడ్లీ, శాత్స్ కూపర్ ఈ ఉద్యమంలో ప్రముఖులు. సాసో సభ్యులు పేదవాడలలో అక్షరాస్యతా తరగతులు, వైద్యసేవలు నిర్వహించారు.

1972 ఏప్రిల్‌లో టర్ఫ్‌లూప్ మండలి మాజీ అధ్యక్షుడు ఓంఖొపొట్సే టీరో పట్టభద్రుల సభలో నల్లవారి విద్యావిధానాన్ని విమర్శించినందుకు బహిష్కరణకు గురయ్యాడు. ఇతర నల్లజాతి విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా తరగతులను బహిష్కరించారు.

నిర్బంధము, మరణము

1972లో వైద్య కళాశాల నుండి తొలగింపబడిన బికో, డర్బన్‌లో నల్లజాతి సామాజిక కార్యక్రమాల సంస్థలో చేరాడు. 1973 మార్చిలో ప్రభుత్వం ఇతనిని కింగ్ విలియమ్స్ టౌన్‌కు పరిమితం చేసింది. ఒకేసారి ఒక్కరికి మించి మాట్లాడరాదని, ఇతని మాటలను ప్రచురించరాదని నిషేధించింది. అయినా 1975లో ఆ పట్టణం సమీపంలో జానెంపీలో వైద్యశాల ప్రారంభం కావడంలో ముఖ్యపాత్ర వహించాడు.

1977 ఆగస్టు 18న గ్రాహమ్స్‌టౌన్ సమీపంలో పోలీసులు బికోను అరెస్టు చేశారు. నాటి పోర్ట్ ఎలిజబెత్‌లో విచారణ సమయంలో తలకు తీవ్ర గాయమైంది. ఆ స్థితిలోనే వాహనంలో 1,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ప్రిటోరియాకు తరలించగా, సెప్టెంబరు 12న మరణించాడు. అక్టోబరు 19న ప్రభుత్వం సాసోను నిషేధించింది.

మరణానికి ఎవరూ బాధ్యులు కారని 1977లో న్యాయవిచారణ తేల్చింది. పోలీసుల క్షమాభిక్ష దరఖాస్తులను సత్య, సయోధ్య సంఘం 1999లో తిరస్కరించింది. 2025 సెప్టెంబరులో న్యాయవిచారణ మళ్ళీ మొదలైంది.

స్మృతి

ఇతని జీవితం ఆధారంగా, గాంధీ చిత్ర దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో 1987లో క్రై ఫ్రీడమ్ చిత్రాన్ని నిర్మించాడు. బ్రిటన్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘ భవనానికి బికో పేరు పెట్టారు.